నలభై ఐదున్నర సెకండ్ల ఆటగాడు

శ్యామ్‌సుందర్ తన ఫుట్‌బాల్ జీవితాన్ని ఒకసారి కూర్చుని లెక్కవేశాడు. మొత్తం నలభై ఐదున్నర సెకండ్లు వచ్చింది. రెండు సీజన్లు, పద్దెనిమిది మ్యాచులు. అందులో ముప్ఫై ఐదు సార్లు మైదానంలోకి వెళ్ళాడు. వెళ్ళిన ప్రతిసారీ ఒకటీ పాయింట్ మూడు సెకండ్ల పని. మిగతా కాలమంతా బెంచీ. ఇంత జీవితానికి ఒక పతకం, ఒక శాలువా, ఒక సన్మానపత్రం, ఇరవై నిమిషాల సినిమా దక్కాయి. సెకండుకి ఇంత కీర్తి గడించిన ఆటగాడు భూమ్మీద ఇంకొకడు ఉండడని అతని గట్టి నమ్మకం. ఆ సినిమాలో అతను లేడన్నది వేరే సంగతి.

అతను ఆరేళ్ళవాడుగా అమెరికా వచ్చాడు. తండ్రి అచ్యుతరావు డెట్రాయిట్‌లో కార్ల బ్రేకులు పరీక్షించే ఇంజనీరు. తల్లి ఆండాళ్. డెబ్భై నాలుగులో ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఇల్లు కొన్నాక, ఆ ఇంట్లో ఏది పాడైనా అచ్యుతరావే బాగుచేసేవాడు. పాడు కానివాటిని కూడా విప్పి చూసేవాడు. శనివారం వచ్చిందంటే బేస్‌మెంట్‌లో తండ్రీకొడుకుల కార్యక్రమం మొదలయ్యేది. ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్ కింద తండ్రి దూరి పడుకుంటే కొడుకు టార్చి పట్టుకోవాలి.

"ఇటు పట్టరా. ఇటంటే అటు కాదు. ఆఁ, అక్కడ. కదపకు."

శ్యామ్‌సుందర్ బాల్యమంతా ఆ ఒక్క మాటలో ఇమిడిపోతుంది. కదపకు. టార్చి కదపకు, బోల్టు కదపకు, మేకు కదపకు. వేలికి అంగుళం దూరంలో సుత్తి పడుతున్నా కదపకు. పద్నాలుగేళ్ళు వచ్చేసరికి అతను ఏ వస్తువునైనా ఎంతసేపైనా రాయిలా పట్టుకోగలిగేవాడు. దీన్ని ఒక విద్య అంటారని అప్పటికి ఎవరికీ తెలియదు, అతనికి అసలే తెలియదు.

ఆటల్లోకి దిగింది తన ఇష్టంతో కాదు. డాక్టరు రామమోహన్ గారు వాళ్ళింటికి భోజనానికి వచ్చి, పెరుగన్నం దగ్గర ఒక మాట వదిలి వెళ్ళారు.

"మెడికల్ స్కూల్‌కి మార్కులొక్కటే సరిపోవు అచ్యుతరావు గారూ. స్పోర్ట్స్ ఉండాలి. లేకపోతే మన పిల్లల్ని పుస్తకాల పురుగులంటారు."

"ఏ స్పోర్ట్ అండీ?"

"ఏదైనా పరవాలేదు. అప్లికేషన్‌లో ఒక లైను రాసుకోడానికి ఉండాలి."

ఆ ఒక్క లైను కోసం శ్యామ్‌సుందర్ తొమ్మిదో క్లాసులో స్కూలంతా తిరిగాడు. టెన్నిస్ వాళ్ళు రెండో రోజే ధన్యవాదాలు చెప్పారు. ఈత నేర్పే ఆయన అతన్ని నీళ్ళలోంచి బయటికి లాగి, ముందు ఈత నేర్చుకుని రమ్మన్నాడు. ఎవరినీ వెనక్కి పంపనిది ఫుట్‌బాల్ జట్టు ఒక్కటే. కోడిగుడ్డులా ఉండే బంతిని చంకలో పెట్టుకుని, ఎదుటివాళ్ళని గుద్దుకుంటూ పరిగెత్తే అమెరికా ఫుట్‌బాల్ అది. ప్రాక్టీసులో గుద్దించుకోడానికి కూడా మనుషులు కావాలి గదా. శ్యామ్‌సుందర్ నూటపద్దెనిమిది పౌన్లు ఉండేవాడు. భుజాల మీద ఆ అట్టలు, తల మీద ఆ హెల్మెట్టు పెట్టుకుని అద్దంలో చూసుకుంటే, పెద్ద అన్నం గిన్నెలో వదిలేసిన గరిటెలా కనిపించాడు.

ఒక గాలి రోజున అతని దశ తిరిగింది. ఆ ఆటలో బంతిని ఎత్తైన రెండు స్తంభాల మధ్య నుంచి తన్నితే పాయింట్లు వస్తాయి. తన్నేవాడి కోసం ఇంకొకడు మోకాలి మీద కూర్చోవాలి. ఏడు గజాల ముందు నుంచి ఒకడు కాళ్ళ సందులోంచి బంతిని విసిరితే, ఇతను అందుకుని, నేల మీద నిలబెట్టి, కుట్లు ఉన్న వైపు అవతలికి తిప్పి, కొన మీద ఒక వేలు ఆనించి ఉంచాలి. ఈ మొత్తం పనికి ఒకటీ పాయింట్ మూడు సెకండ్లు. ఆ రోజు ఆ పనికి కూర్చోబెట్టిన ఇద్దరు కుర్రాళ్ళు బూటు వేగంగా వస్తుంటే భయపడి చెయ్యి లాగేసుకున్నారు. కోచ్ విసిగిపోయి, దగ్గర్లో ఊరికే నిలబడ్డవాణ్ణి పిలిచాడు. పది సార్లు బూటు వచ్చింది. పది సార్లూ శ్యామ్‌సుందర్ వేలు కదల్లేదు.

"నీకు భయం లేదా?" అన్నాడు కోచ్.

"ఇంట్లో అలవాటే సర్," అన్నాడు శ్యామ్‌సుందర్. నాన్న సుత్తి కన్నా ఈ బూటు చాలా నయం అని మాత్రం చెప్పలేదు.

అలా అతనికో ఉద్యోగం దొరికింది. ఆ పని బాగా చేసినవాణ్ణి ఎవరూ గుర్తుపెట్టుకోరు. జనం అంతా ఎగిరే బంతినీ, తన్నినవాణ్ణీ చూస్తారు. మోకాలి మీదున్నవాడు కనిపించాడంటే ఏదో తప్పు జరిగిందని అర్థం. ఈ ఉద్యోగం శ్యామ్‌సుందర్ ఒంటికి కొలతలు తీసి కుట్టించినట్టు సరిపోయింది.

కాలేజీకి అతను ఎనభైలో ఇంటికి రెండు గంటల దూరంలో ఉన్న చిన్న ఊరికి వెళ్ళాడు. చదువు కెమిస్ట్రీ. అక్కడి జట్టులో రెండేళ్ళు ప్రాక్టీసులోనే మోకాళ్ళు అరగదీసుకున్నాక, ఎనభై రెండులో అసలు మ్యాచుల్లోకి తీసుకున్నారు. ఇరవై రెండో నంబరు జెర్సీ ఇచ్చారు. అది అప్పటికే ఇంకొకడి నంబరు. కాలేజీ జట్టులో తొంభై మంది ఉంటారు కాబట్టి, మైదానంలో ఒకేసారి ఉండని ఇద్దరికి ఒకే నంబరు ఇవ్వడం అక్కడ మామూలే. వీపు మీద పేర్లు వేయించే స్తోమతు ఆ కాలేజీకి లేదు.

మొదటి ఇరవై రెండు మైక్ హద్దాద్. డియర్‌బోర్న్‌లో పుట్టిన లెబనాన్ వాళ్ళ అబ్బాయి. ఆ బలహీనమైన జట్టులో చూడదగ్గ ఆటగాడు అతనొక్కడే. బంతి చంకలో పెట్టుకుని పరిగెడితే ఆపడం కష్టం. ఎత్తు, ఛాయ ఇద్దరివీ ఇంచుమించు ఒకటే. పోలిక అక్కడితో సరి.

మొదటి మ్యాచికి అచ్యుతరావు, ఆండాళ్ పులిహోర పొట్లాలతో, కాఫీ ఫ్లాస్కుతో, కొత్త సూపర్ ఎయిట్ సినిమా కెమేరాతో వచ్చారు. చీర మీద కోటు, కోటు మీద దుప్పటి కప్పుకుని ఆండాళ్ గాలరీలో అన్నిటికన్నా పై వరసలో కూర్చుంది. అచ్యుతరావు గేటు దగ్గర ఇచ్చిన ఆటగాళ్ళ జాబితా తెరిచి, ఇరవై రెండు రెండు చోట్ల ఉండడం చూసి నొచ్చుకున్నాడు.

"అచ్చుతప్పు," అన్నాడు భార్యతో. "ఒకే పార్ట్ నంబరు రెండు పార్టులకి ఎక్కడైనా ఉంటుందా?"

వెంటనే జేబులోంచి ఎర్ర పెన్ను తీసి హద్దాద్ నంబరు కొట్టేసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టాడు. అంతటి జాగ్రత్తపరుడు.

ఆ రోజు ఇరవై రెండో నంబరువాడు నలభై గజాలు పరిగెత్తాడు. ఇంకోసారి ముప్ఫై. ఒక రీలు మూడు నిమిషాల ఇరవై సెకండ్లే వస్తుంది కాబట్టి, అచ్యుతరావు ఆచితూచి, ఇరవై రెండు పరిగెత్తినప్పుడు మాత్రమే మీట నొక్కాడు. పరుగు అయిపోగానే ఆపేశాడు.

మ్యాచి అయ్యాక శ్యామ్‌సుందర్ స్నానం చేసి బయటికి వచ్చేసరికి తండ్రి పార్కింగ్ లాట్‌లో ఎదురుచూస్తున్నాడు. ఆ మొహం చూసి శ్యామ్‌సుందర్‌కి తడబాటు కలిగింది. బ్రేకు పరీక్షలో కారు గీత మీద ఆగినప్పుడు కూడా ఆయన మొహం అలా వెలిగి ఉండదు.

"బాగా పరిగెత్తావురా. కాని రెండోసారి కుడిపక్కకి ఎందుకు తిరిగావు? ఎడమవైపు ఖాళీగా ఉంది గదా."

అది నేను కాదు నాన్నా. అంతే, చెప్పాల్సింది. శ్యామ్‌సుందర్ నోరు తెరిచాడు కూడా. ఇరవై ఏళ్ళలో తండ్రి అతన్ని బాగా చేశావని అనడం అదే మొదటిసారి.

"అక్కడ గ్యాప్ కనిపించింది నాన్నా," అన్నాడు.

"ఊఁ. మరి పరుగు అయ్యాక, ఆ తన్నేవాడి ముందు మోకాలి మీద కూలబడ్డావేమిటి? అలుపా?"

"కొంచెం."

"పాలు తాగడం మానేశావు," అంది ఆండాళ్.

ఆ ఒక్క గ్యాప్‌లోంచి అబద్ధం రెండేళ్ళు పరిగెత్తింది. ప్రతి ఆదివారం పొద్దున్నే అచ్యుతరావు ఫోన్ చేసి పరుగుల మీద ఇంజనీరింగ్ ప్రశ్నలు వేసేవాడు. వాటికి జవాబుల కోసం శ్యామ్‌సుందర్ శనివారం సాయంత్రాలు నోటుబుక్కు పట్టుకుని హద్దాద్ గదికి వెళ్ళేవాడు.

"మీ నాన్న వేసినన్ని ప్రశ్నలు మన కోచ్ కూడా వేయడు, సామ్," అనేవాడు హద్దాద్. "ఆయన్నే కోచ్‌గా పెట్టుకుంటే గెలుస్తాం."

"మూడో పరుగులో బంతి చెయ్యి మార్చావు. ఎందుకు?"

"ముందు ఆ పొట్లం ఇటు ఇవ్వు. పరిగెత్తింది నేను, రైస్ నువ్వు తింటావా?"

న్యాయమే అనిపించి శ్యామ్‌సుందర్ పులిహోర ఇచ్చేసేవాడు. తల్లి చేతి పులిహోర తినడానికి కూడా అతను అర్హత కోల్పోయాడు.

ఆ ఏడు ఆఖరి మ్యాచిలో హద్దాద్ చీలమండ బెణికింది. పర్యవసానంగా థాంక్స్‌గివింగ్ సెలవులకి ఇంటికి వెళ్ళిన శ్యామ్‌సుందర్ నాలుగు రోజులు కుంటుతూ నడిచాడు. మొదటి రోజు ఎడమ కాలు. రెండో రోజు పొద్దున టీవీ చూస్తూ లేచి, పరధ్యానంగా కుడి కాలు కుంటుతూ వంటింట్లోకి వెళ్ళాడు. ఆండాళ్ అతన్ని ఒకసారి తేరిపార చూసింది. ఆ రోజు నుంచి రెండు కాళ్ళకీ బామ్ రాసింది.

రీళ్ళు పోస్టులో కడిగి వచ్చేవి. అచ్యుతరావు వాటిని అతికించి, బేస్‌మెంట్‌లో దుప్పటి కట్టి, వచ్చినవాళ్ళందరికీ చూపించేవాడు. ఇరవై రెండు పరిగెడుతుంటే పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్ళు. శ్యామ్‌సుందర్ వెనక నిలబడి, హద్దాద్ ఎంత చక్కగా పరిగెడతాడో అని మెచ్చుకునేవాడు. మనసారానే మెచ్చుకునేవాడు. మంచి పరుగు అది.

ఎనభై మూడు నవంబరు. ఆఖరి సంవత్సరం, ఆఖరి మ్యాచి. ఉదయం నుంచీ వాన. ఇంకా నాలుగు సెకండ్లు ఆట ఉండగా వీళ్ళు రెండు పాయింట్లు వెనకబడి ఉన్నారు. బంతిని స్తంభాల మధ్య నుంచి తన్నితే మూడు వస్తాయి. శ్యామ్‌సుందర్ వెళ్ళి బురదలో మోకాలు ఆనించాడు. తడి బంతి ముందున్నవాడి చేతిలో జారింది. నేలను రాసుకుంటూ, పక్కకి దొర్లుతూ వచ్చింది. అతను ఒక్క చేత్తో దాన్ని బురదలోంచి ఎత్తి, నిలబెట్టి, తిప్పి, వేలు ఆనించాడు. బూటు వచ్చింది. వేలు కదల్లేదు. బంతి స్తంభాల మధ్య నుంచి పోయింది.

జట్టంతా తన్నినవాడి మీద పడింది. ఆ గుట్టలోంచి హద్దాద్ ఒక్కడే బయటికి వచ్చి, శ్యామ్‌సుందర్ హెల్మెట్టు రెండు చేతులా పట్టుకుని, "అది నువ్వు చేశావు," అన్నాడు. తర్వాత కోచ్ ఆ బంతి మీద అందరి చేతా సంతకాలు పెట్టించి అతనికే ఇచ్చాడు.

బంతి కోటు కింద పెట్టుకుని అతను పార్కింగ్ లాట్‌కి పరిగెత్తాడు. కాలేజీకి వచ్చాక తను నిజంగా పరిగెత్తింది అదేనేమో.

"నాన్నా, చూశావా? ఆఖరిది?"

అచ్యుతరావు గొడుగు కింద కెమేరా తుడుచుకుంటున్నాడు. "లేదురా. ఎలాగూ కిక్కే గదా అని రీలు మార్చుకుంటున్నాను. తడిచిపోతుందని అటు తిరిగాను. ఏం, గెలిచామా?"

శ్యామ్‌సుందర్ బంతిని కారు డిక్కీలో, జాకీ వెనకాల పెట్టేశాడు. రెండేళ్ళు వేరేవాణ్ణి తనుగా చూపించాడు. తనని చూపించాల్సిన రోజున చూసేవాడు అటు తిరిగాడు. ఇందులో ఎవరినీ తిట్టడానికి లేదు. ఆ సంగతే అతనికి చాలా రోజులు మింగుడుపడలేదు.

డిసెంబరులో పతకం వచ్చింది. వాళ్ళు ఆడే తొమ్మిది కాలేజీలు కలిసి ఏటా ఒకరికి ఇచ్చే స్కాలర్-అథ్లెట్ పతకం. మార్కులు అందరికన్నా ఎక్కువ ఉండాలి, ఆ సీజన్‌లో ప్రతి మ్యాచిలోనూ మైదానంలోకి దిగి ఉండాలి. ఎంతసేపు ఉండాలో ఎవరూ రాయలేదు. పతకం మీద పేరు మాత్రం హద్దాద్‌ది కాదు, తనదే. రెండేళ్ళలో నంబరుతో పనిలేకుండా వచ్చిన వస్తువు అదొక్కటే.

తెలుగు సంఘం ఊరుకుంటుందా? ఎనభై నాలుగు ఏప్రిల్‌లో, ఉగాది వెళ్ళిన శనివారం మధ్యాహ్నం, ఒక హైస్కూలు భోజనాల హాలు అద్దెకి తీసుకుని సన్మానం పెట్టారు. అధ్యక్షుడు డాక్టర్ సూర్యప్రకాశ్ అచ్యుతరావు చేత ఇరవై నిమిషాల సినిమా వేయించాడు. పద్మిని గారు సన్మానపత్రం చదివారు. అందులో శ్యామ్‌సుందర్ ప్రత్యర్థుల వ్యూహాలను చీల్చుకుంటూ దూసుకుపోయిన యువకిశోరం. మెరుపుకు కాళ్ళు, పిడుగుకు భుజాలు. యువకిశోరం కుర్చీలో కూర్చుని కాళ్ళు బల్ల కిందికి ముడుచుకున్నాడు. సినిమా నడుస్తున్నంతసేపూ అతను తెరని చూడలేదు. ప్రొజెక్టర్ వెనకాల నిలబడ్డ తండ్రిని చూశాడు. ఇది ఇప్పుడు చెప్పకపోతే, ఆయన ఎప్పటికీ తనని చూడడు. అంతే విషయం.

మైకు చేతికి ఇచ్చారు.

"అందరికి నమస్కారం," అన్నాడు శ్యామ్‌సుందర్ తన అమెరికా తెలుగులో. "ఆ సినిమాలో పరిగెత్తేది నేను కాదు. అది మైక్ హద్దాద్. సేమ్ నంబర్, అంతే."

సూర్యప్రకాశ్ గారు ఆప్యాయంగా తల ఆడించారు.

"చూశారా, ఎంత వినయమో. ఇక్కడ పెరిగిన పిల్లలకి రాదంటారే, ఈ సంస్కారం."

చప్పట్లు మోగాయి.

"లేదు అంకుల్, నిజంగా. ఐ ఓన్లీ హోల్డ్ ద బాల్. నేను బంతి పట్టుకుంటాను, అంతే."

"బంతి పట్టుకోకుండా ఎలా పరిగెడతావు బాబూ?" అంది ముందు వరసలోంచి ఒక ఆంటీ. అందరూ నవ్వారు. అతను మూడోసారి మొదలుపెట్టేలోగా శాలువా మెడ మీద పడింది. చరిత్రలో తప్పు ఒప్పుకున్నందుకు చప్పట్లు కొట్టించుకుని శాలువా కప్పించుకున్నవాళ్ళు ఎందరుంటారు?

చప్పట్లు కొట్టనివాడు ఒక్కడే. అచ్యుతరావు సినిమాని వెనక్కి చుట్టి, చిన్న ముక్క మళ్ళీ వేసి, తెర దగ్గరికి వెళ్ళి నిలబడి చూస్తున్నాడు. అందరూ భోజనాలకి లేచాక కొడుకుని చెయ్యి ఊపి పిలిచాడు.

"ఇది చూడు. ఇక్కడ మీట వదలడం అర సెకండు ఆలస్యం చేశాను."

తెర మీద ఒక ఇరవై రెండు చెయ్యి ఊపుతూ బయటికి పోతున్నాడు. మూలన ఇంకొక ఇరవై రెండు మోకాలి మీదికి వంగుతున్నాడు. అంతలో బొమ్మ ఆరిపోయింది.

"ఇది నువ్వా?"

"అవును నాన్నా."

"అలిసిపోయావనుకున్నాను." అచ్యుతరావు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. చాలాసేపు తుడిచాడు. "అసలు ఒకే నంబరు ఇద్దరికి ఎలా ఇస్తారురా? బుద్ధి ఉందా వాళ్ళకి?"

"లేదు నాన్నా."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

శ్యామ్‌సుందర్ శాలువా అంచు వేలికి చుట్టుకున్నాడు. "నువ్వు బాగా చేశావన్నావు. అందుకని."

అచ్యుతరావు కళ్ళజోడు పెట్టుకుని, "ఏం చేస్తావో చూపించు," అన్నాడు.

ఆ హైస్కూలు వెనకే మైదానం ఉంది. శ్యామ్‌సుందర్ డిక్కీలో జాకీ వెనక నుంచి బంతి తీశాడు. అచ్యుతరావు దాని మీద సంతకాలన్నీ చదివి, ఆ వాన రోజు గురించి మొత్తం చెప్పించుకున్నాడు. బంతి ఏ ఎత్తున వచ్చింది, ఏ చెయ్యి, తడి ఎంత, అన్నీ అడిగాడు. ఈసారి జవాబులకి నోటుబుక్కు అక్కరలేకపోయింది.

శాలువా కప్పేటప్పుడు తీద్దామని దాచిన రీలు ఒకటి కెమేరాలో అలాగే ఉంది. దాన్ని ఆండాళ్ చేతికి ఇచ్చి, ఏది నొక్కాలో చూపించాడు అచ్యుతరావు.

"మీరు తీయరా?"

"నేను తన్నాలి గదా."

శ్యామ్‌సుందర్ శాలువాతోనే మోకాలి మీద కూర్చుని, బంతి నిలబెట్టి, కుట్లు అవతలికి తిప్పి, వేలు ఆనించాడు. సూటు వేసుకున్న బ్రేకుల ఇంజనీరు పది అడుగులు వెనక్కి వెళ్ళి, దూరం కళ్ళతో కొలిచి, గాలి ఎటుందో చూశాడు.

"కదపకు," అన్నాడు.

మొదటిసారి ఆయన గాలిని తన్నాడు. రెండోసారి గడ్డిని. మూడోసారి కొడుకు మణికట్టుని. నాలుగోసారి బంతి తగిలి, పక్కనున్న కంచె దాకా దొర్లింది. వేలు నాలుగుసార్లూ కదల్లేదు. అచ్యుతరావు ఆయాసపడుతూ వచ్చి ఆ వేలిని పట్టుకుని చూశాడు, ఒక పార్టుని పరీక్షించినట్టు.

"ఇది బేస్‌మెంట్‌లో నేర్చుకున్నది కదూ?"

"అవును."

"బాగా చేశావు," అన్నాడాయన.

ఎనభై తొమ్మిదికి శ్యామ్‌సుందర్ డాక్టరై, కళ్ళ ఆపరేషన్లు నేర్చుకుంటున్నాడు. నేర్చుకోవడమంటే, పెద్ద డాక్టరు పని చేస్తుంటే పరికరాన్ని కదలకుండా పట్టుకోవడం. ఈ జన్మకి తన పని ఇదేనని అతను సరిపెట్టుకున్నాడు. హద్దాద్ ఏటా థాంక్స్‌గివింగ్‌కి వాళ్ళింటికి వస్తాడు. ఆండాళ్ పులిహోర చేస్తుంది. భోజనాలయ్యాక అచ్యుతరావు దుప్పటి కట్టి, ముందు హద్దాద్ సినిమా వేస్తాడు, తర్వాత శ్యామ్‌సుందర్ సినిమా.

రెండోది మూడు నిమిషాల ఇరవై సెకండ్లు ఉంటుంది. ఆండాళ్ కెమేరా కాస్త కిందికి పట్టుకోవడం వల్ల అందులో ఎవరి తలా పడలేదు. శాలువా అంచు, పాలిష్ చేసిన బూటు, బంతి, దాని మీద ఒక వేలు. అంతే కనిపిస్తాయి. ఎవరా వేలు అని కొత్తగా వచ్చినవాళ్ళు అడిగితే, అచ్యుతరావు లేచి వెళ్ళి దుప్పటి మీద వేలు పెట్టి చూపిస్తాడు.

"మావాడు," అంటాడు.